జగజెట్టి నడికట్టు

బిరుదుల చరిత్ర – 11వ భాగం

2023 ఏప్రిల్ 24న అమెరికాలో, షికాగో పక్కనున్న రోజ్‌మాంట్ ఊళ్లో, వేలమంది చూస్తుండగా ట్రిపుల్ హెచ్ అనే పాతకాలపు రెజ్లర్ ఒక కొత్త బంగారు బెల్టును లోకానికి చూపించాడు. దాని పేరు ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్‌షిప్. ఆ రాత్రికి దాన్ని గెలిచినవాడు లేడు, పోగొట్టుకున్నవాడూ లేడు. దానికోసం అప్పటికి ఒక్క కుస్తీ కూడా జరగలేదు. బెల్టు మాత్రం తయారై కూర్చుంది. ఈ హోదాకు తెలుగులో ఎప్పటినుంచో ఒక మాట ఉంది: జగజెట్టి. జెట్టి అంటే మల్లుడు. పొరుగున మైసూరు దసరాలో వజ్రముష్టి పట్టేవాళ్లను ఇప్పటికీ జెట్టిలనే అంటారు. జగజెట్టి అంటే లోకంలోకెల్లా మేటి మల్లుడు. అలా ఒకణ్ణి అనాలంటే ముందు అతను ఎవరినైనా చిత్తు చేయాలి కదా! మరి గెలుపుకంటే ముందే బిరుదు ఎలా పుడుతుంది? ఈ భాగంలో నేను వాదించదలచుకున్నది ఒక్కటే. ఏ బిరుదూ పాతదిగా పుట్టదు. ప్రతి బిరుదూ ఒకానొకనాడు ఎవరో కూర్చుని తయారుచేసిందే. దానికి బరువు రెండు దారుల్లో వస్తుంది. తన రూపంతో, పేరుతో గతాన్ని అరువు తెచ్చుకోవడం మొదటిది. దాన్ని మోసినవాళ్లు మళ్లీమళ్లీ దాన్ని పణంగా ఒడ్డడం రెండోది. మొదటిది లోహం మీద చెక్కేవాడి చేతిలో ఉంటుంది, రెండోది గోదాలోకి దిగినవాడి చేతిలో ఉంటుంది. ఇతర బిరుదులు ఈ సంగతిని కాలం పొరల కింద దాచుకున్నాయి. ఈ బెల్టు మాత్రం మన కళ్లముందే, తేదీతో సహా పుట్టింది. చరిత్ర రాసేవాడికి అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

మన నేలమీద బిరుదు ఒంటికి తొడిగే వస్తువు కూడా. గండపెండేరం కాలికి వేసేది. గండడు అంటే వీరుడు కాబట్టి అది యుద్ధంలో గెలిచినవాడి కాలికి ఉండాల్సిన ఆభరణం. కృష్ణదేవరాయలు దాన్ని అల్లసాని పెద్దన కాలికి తొడిగాడన్న కథ తెలుగువాళ్లలో తెలియనివాళ్లు తక్కువ. వీరుడి గుర్తు కవికి చేరినా దాని గౌరవం ఏమీ తగ్గలేదు, పెరిగింది. విజయనగర రాజులు తమను తాము మూరురాయర గండ అని, అంటే ముగ్గురు రాజులకు మగణ్ణని, శాసనాల్లో చెప్పుకున్నారు. ఆ బిరుదు రాజు మారినప్పుడల్లా కొత్త రాజుకు దక్కింది. ప్రతి రాజూ ముగ్గురు రాజులను స్వయంగా ఓడించి దాన్ని సంపాదించుకోలేదు. ఆ దర్బారులో కుస్తీకి ఉన్న చోటు గురించి పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాసిపెట్టాడు. 1520 ప్రాంతంలో అతను చూసిన మహర్నవమి వేడుకల్లో మల్లులు పళ్లు రాలేలా, కళ్లు పోయేలా కొట్టుకున్నారు. వాళ్లను సమంగా జతచేయడానికి, గెలిచినవాడికి మర్యాద నిర్ణయించడానికి నాయకులు, తీర్పరులు ఉన్నారు. గెలిచినవాడికి పట్టుబట్టలు దక్కాయి. రాయలు కూడా తెల్లవారకముందే లేచి, సాము చేసి, తన మల్లుల్లో ఒకడితో కుస్తీ పట్టేవాడట. గెలుపు ఒకటి, ఆ గెలుపుకు మర్యాద నిర్ణయించడం మరొకటి అన్నది ఇక్కడ గమనించాలి. మల్లుడు గెలుపు తెస్తాడు. దాన్ని బిరుదుగా మార్చేవాడు వేరే ఉంటాడు.

ఆ వేరేవాడు పోయాక కూడా బిరుదు ఎలా బతుకుతుందో పుంగనూరు చరిత్ర చూపిస్తుంది. ఇవాళ సుగుటూరు గంగమ్మ జాతర జరిగే ఆ పట్టణపు జమీందారులు కోలారు వైపున్న సుగుటూరు నాయకుల వంశంవాళ్లు. ఆ వంశంలో తమ్మేగౌడకు విజయనగర రాజు ఇచ్చిన బిరుదు చిక్కరాయలు. చిక్క అంటే కన్నడంలో చిన్న, అంటే చిన్నరాయలన్నమాట. ఆ బిరుదు వంశంలో పేరుగా మారింది. విజయనగరం కూలింది. తర్వాత ఈ ప్రాంతం మీద మైసూరువాళ్లు పెత్తనం చేశారు, కంపెనీవాళ్లు చేశారు. ఇచ్చిన సింహాసనమే లేకుండా పోయినా పుంగనూరు జమీందారులు ఇమ్మడి చిక్కరాయలు అనే పిలిపించుకున్నారు. ఇచ్చినవాడి అధికారం కంటే మోసినవాళ్ల నిలకడ బిరుదును ఎక్కువకాలం నిలబెట్టిందని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు కనిపించలేదు.

కుస్తీలో నడికట్టు బిరుదుగా మారడం ఆధునిక కాలపు సంగతి. దాంట్లో మనకు బాగా తెలిసిన ఘట్టం గామా పహిల్వాన్‌ది. 1910 సెప్టెంబరు 10న లండన్‌లోని షెపర్డ్స్ బుష్ మైదానంలో గామా, పోలండ్ మల్లుడు స్టానిస్లాస్ జ్బిస్కో తలపడ్డారు. చాలాసేపు జ్బిస్కో బోర్లా పడుకుని నేలకు అతుక్కుపోయాడు. రెండున్నర గంటలు గడిచినా ఫలితం తేలలేదు. వారం తర్వాత, 17న, తిరిగి పట్టాల్సిన కుస్తీకి జ్బిస్కో రాలేదు. గామాను విజేతగా ప్రకటించి జాన్ బుల్ బెల్టు ఇచ్చారు. జాన్ బుల్ అన్నది హొరేషియో బాటమ్‌లీ నడిపిన ఒక వారపత్రిక పేరు. ఒక పత్రిక పేరు పెట్టుకున్న పటకాను, ప్రత్యర్థి రాని రోజున, ప్రకటన ద్వారా అందుకున్నాడు గామా. మనవాళ్లు మాత్రం అతన్ని రుస్తుం-ఎ-జమానా, ఈ యుగపు రుస్తుం, అన్నారు. ఆ మాటలో బరువు ఎక్కడినుంచి వచ్చింది? కొంత పర్షియన్ వీరగాథల రుస్తుం పేరునుంచి వచ్చింది. మిగిలినది గామా తర్వాతి జీవితంనుంచి వచ్చింది. 1928 జనవరిలో పటియాలాలో అదే జ్బిస్కోను గామా నిమిషంలోపే చిత్తు చేశాడు. పదిహేడేళ్ల కిందట కాగితం మీద వచ్చిన గెలుపు ఆ నిమిషంలో రుజువైంది.

ఇక్కడినుంచి వృత్తి రెజ్లింగ్‌లోకి, అంటే ఫలితాన్ని ముందే నిర్ణయించుకుని ఆడే ఆటలోకి వద్దాం. ఈ రంగంలో బిరుదుల పుట్టుక చరిత్ర ఒక కల్పిత పోటీ చుట్టూ తిరుగుతుంది. 1963 జనవరిలో టొరంటోలో బడ్డీ రోజర్స్ ఎన్‌డబ్ల్యూఏ అనే రెజ్లింగ్ సంస్థ ప్రపంచ టైటిల్‌ను లూ థెజ్‌కు పోగొట్టుకున్నాడు. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో పోటీలు నడిపేవాళ్లు ఆ ఫలితాన్ని ఒప్పుకోకుండా విడిపోయి సొంత సంస్థ పెట్టుకున్నారు. సంస్థ ఉన్నాక ఛాంపియన్ ఉండాలి. రియో డి జనీరోలో జరిగిన పోటీలో రోజర్స్ గెలిచాడని ప్రకటించారు. అలాంటి పోటీ ఏదీ జరగలేదు. ఇవాళ డబ్ల్యూడబ్ల్యూఈ ఛాంపియన్‌షిప్‌గా మనం ఎరిగిన టైటిల్ మొదలు అదే. 1979లో ఇంటర్‌కాంటినెంటల్ టైటిల్‌ను సృష్టించినప్పుడు కూడా ప్యాట్ ప్యాటర్సన్ దాన్ని రియోలో జరిగిన పోటీలోనే గెలిచాడన్నారు. ఆ పోటీ కూడా జరగలేదు. అమెరికా ప్రేక్షకుడు వెళ్లి చూసిరాలేనంత దూరంలో, పేరు వినగానే ప్రపంచస్థాయి అనిపించే ఊరు కావాలి. రియో ఆ రెండు అవసరాలకూ సరిపోయింది. కొత్త బిరుదుకు గతం ఎంత అవసరమో ఆ అబద్ధం మనకు చెబుతుంది. పునాది లేకుండా ఇల్లు కట్టలేమని తెలిసినవాళ్లు లేని పునాదిని కాగితం మీద గీశారు.

అబద్ధం మీద లేచిన టైటిల్ కూలిపోయిందా? లేదు. 1963 మే 17న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బ్రూనో సమ్మార్టినో 48 సెకన్లలో రోజర్స్‌ను ఓడించి దాన్ని తీసుకున్నాడు. 1971 జనవరి 18 దాకా, 2,803 రోజులు, తన దగ్గరే ఉంచుకున్నాడు. ఇటలీనుంచి వలసవచ్చిన కుటుంబపు కొడుకు నెలనెలా అదే గార్డెన్‌కు వచ్చి తన టైటిల్‌ను పణంగా పెడుతుంటే జనం టిక్కెట్లు కొని చూశారు. రియో ఎవరికీ గుర్తులేదు. అసలు మొదలు ఏమిటని అడగాల్సిన అవసరమే ఆ ఏడున్నర ఏళ్లలో కరిగిపోయింది.

వస్తువుగా బెల్టు చెప్పే కథ ఇంకో రకం. 1973లో ఎన్‌డబ్ల్యూఏ తన ప్రపంచ ఛాంపియన్‌కు చేయించిన బెల్టులో నడిమి ఫలకం మీద గుండ్రంగా ఉబ్బిన భూగోళం ఉంది. దాని చుట్టూ అమెరికా, కెనడా, మెక్సికో, జపాన్, ఆస్ట్రేలియా జెండాలు ఉన్నాయి. తమ ఛాంపియన్ తిరిగే దేశాలనే ప్రపంచంగా చూపించిన పటం అది. 1986లో ఎన్‌డబ్ల్యూఏ ఛాంపియన్ రిక్ ఫ్లేర్ కోసం మరో బెల్టు వచ్చింది. అభిమానులు బిగ్ గోల్డ్ అని పిలుచుకునే బెల్టు అదే. దాన్ని చేసింది నెవాడా రాష్ట్రానికి చెందిన చార్లెస్ క్రమ్‌రైన్ అనే వెండిపనివాడు. అతనిది రోడియో పోటీల విజేతలకు నడుం బిళ్లలు చేసే వృత్తి. పశువులను లొంగదీసుకునేవాళ్ల కోసం అలవాటైన పూలతీగల చెక్కడం అలా మల్లుల నడుముకు చేరింది. పెద్ద ఫలకం, పక్కన చిన్న ఫలకాలు, నల్లటి తోలు, ఎంత దూరంనుంచి చూసినా ఒకే బంగారు ముద్ద. నా దృష్టిలో ఆ బెల్టు అసలు గొప్పతనం దాని మీద లేనిదాంట్లో ఉంది. ఏ సంస్థ పేరూ దాని నడిబొడ్డున లేదు. అందుకే అది సంస్థలు మారినా బతికింది.

దాని ప్రయాణం ఒకసారి చూడండి. ఎన్‌డబ్ల్యూఏ ఆనవాయితీ ప్రకారం ఛాంపియన్ 25,000 డాలర్లు ధరావతు కట్టి బెల్టు తీసుకెళ్లాలి. దిగిపోయినప్పుడు సొమ్ము తిరిగి తీసుకోవాలి. 1991లో ఫ్లేర్ పనిచేస్తున్న డబ్ల్యూసీడబ్ల్యూ సంస్థ అతన్ని తొలగించింది. ధరావతు తిరిగి రాలేదంటూ ఫ్లేర్ ఆ బెల్టును ప్రత్యర్థి సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (నేటి డబ్ల్యూడబ్ల్యూఈ) టెలివిజన్ కార్యక్రమాల్లోకి తీసుకెళ్లి, అసలైన ప్రపంచ ఛాంపియన్‌ను నేనేనన్నాడు. వ్యవహారం కోర్టుకెక్కింది. బెల్టు చివరికి వెనక్కి వెళ్లింది. ఆ తర్వాత డబ్ల్యూడబ్ల్యూఎఫ్ తెరమీద ఫ్లేర్ నడుముకు ఉన్న మరో బెల్టును మసకచేసి చూపించారు. చూడనివ్వకపోయినా అది ఆ పాత బెల్టేనని జనం అనుకోవాలి, అదీ ఆ మసకలోని ఉద్దేశం. 2001లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ఆ డబ్ల్యూసీడబ్ల్యూనే కొనేశాక, 2002 సెప్టెంబరు 2న అదే రూపంలోని బెల్టును కొత్త ప్రపంచ హెవీవెయిట్ టైటిల్ పేరుతో ట్రిపుల్ హెచ్‌కు నేరుగా అందించారు. పోటీ పెట్టలేదు, రియో కథ కూడా చెప్పలేదు. ఆ బంగారాన్ని 2007 జులైలో హిమాచల్ ప్రదేశ్ మనిషి దలీప్ సింగ్ రాణా, మనందరికీ తెలిసిన గ్రేట్ ఖలీ, భుజాన వేసుకున్నాడు. మన పట్టణాల్లో కేబుల్ టీవీ ముందు కూర్చున్న, బొమ్మ కార్డులు పోగుచేసుకున్న తరానికి జగజెట్టి అంటే కంటికి కనిపించే రూపం అదే. 2013 డిసెంబరు 15న ఆ టైటిల్‌ను మరో టైటిల్‌తో కలిపేయడంతో దాని కథ ముగిసింది.

రూపంతో గతాన్ని అరువు తెచ్చుకోవడం కుదరకపోతే ఏమవుతుందో 2016 ఆగస్టు 21న బ్రూక్లిన్‌లో తేలింది. యూనివర్సల్ ఛాంపియన్‌షిప్ అనే కొత్త టైటిల్‌కు ఆ రాత్రి సేత్ రోలిన్స్, ఫిన్ బేలర్ తలపడ్డారు. అప్పటికే వాడుకలో ఉన్న బెల్టు రూపాన్నే తీసుకుని నల్లతోలుకు బదులు ఎర్రతోలు వేశారు. ఇద్దరూ ప్రాణంపెట్టి ఆడుతుంటే జనం ఆటను వదిలేసి బెల్టు బాగాలేదని అరిచారు. గెలిచిన బేలర్ భుజం గాయంతో మర్నాడే దాన్ని వదులుకోవాల్సివచ్చింది. ఏడేళ్ల తర్వాత కొత్త బెల్టు చేయించినవాళ్లు ఈ పాఠాన్ని మరచిపోలేదని దాని రూపమే చెబుతుంది. 2023 బెల్టు నల్లతోలు మీద విశాలమైన బంగారు ఫలకంతో బిగ్ గోల్డ్ వంశానికి చెందినదిగా కనిపిస్తుంది. చూసిన క్షణంలోనే ఫ్లేర్, ఖలీ గుర్తుకురావాలి. రికార్డుల ప్రకారం మాత్రం పాత టైటిల్‌తో దీనికి సంబంధం లేదు, లెక్క సున్నానుంచి మొదలైంది. వారసత్వం కాగితం మీద లేదు, కంటిలో ఉంది. 2002లో ఆ రూపాన్ని అందుకున్న మనిషే 2023లో దాని వారసురాలిని చూపించాడన్నది కూడా యాదృచ్ఛికం కాదనుకుంటాను. రియో చేయాల్సిన పనిని ఈసారి శిల్పం చేసింది, అదీ అబద్ధం ఆడకుండా. అయితే ఒక లోపం చెప్పి తీరాలి. నడిమి ఫలకంలో పెద్దగా సంస్థ ముద్ర ఉంది. బిగ్ గోల్డ్‌ను ఇల్లు మారినా బతికించింది పేరు లేకపోవడమే. ఈ బెల్టు ఒకే ఇంటికి కట్టుబడింది. పక్క ఫలకాలను ఛాంపియన్ మారినప్పుడల్లా తీసి కొత్తవాడి గుర్తులు పెట్టే ఏర్పాటు ఉంది కాబట్టి మనిషికి పక్కన చోటిచ్చి, నడిమి చోటును యజమాని ఉంచుకున్నట్టయింది. పుంగనూరువాళ్ల చిక్కరాయలు బిరుదులో రాయల గుర్తు ఉన్నా, నిలిచింది మోసినవాళ్ల పేరుగా. ఈ బెల్టుకు ఆ అవకాశం సన్నగిల్లింది.

ఇక్కడ చదువరి అడగాల్సిన మొదటి ప్రశ్న నాకు తెలుసు. ఫలితం ముందే రాసుకున్న ఆటలో బిరుదేమిటి, దాని చరిత్ర ఏమిటి? ఈ ప్రశ్నకు జవాబు అమెరికాలో వెతకనక్కర్లేదు. కుప్పం వైపు, చిత్తూరు సీమ పల్లెల్లో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ల దగ్గర ఏటా మహాభారత ఉత్సవాలు జరుగుతాయి. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, మధ్యలో బకాసుర వధ, అర్జునుడి తపస్సు మాను. చివరి రోజు భారతం మిట్ట మీద పదుల అడుగుల పొడవున దుర్యోధనుడి మట్టిబొమ్మ వెల్లకిలా పడుకుని ఉంటుంది. భీముడి వేషగాడు, దుర్యోధనుడి వేషగాడు ఆ బొమ్మ చుట్టూ గదలతో తరుముకుంటారు. భీముడు గెలుస్తాడని అక్కడున్న పసిపిల్లకు కూడా తెలుసు. తొడ మీద దెబ్బ పడుతుందనీ తెలుసు. అయినా ఆ దెబ్బ పడేదాకా ఎవరూ కదలరు. పడ్డాక ద్రౌపది జుట్టు ముడి వేసుకుంటుంటే దండం పెడతారు. సాయంత్రం నిప్పులగుండం తొక్కుతారు. ముందే తెలిసిన ఫలితం ఇక్కడ మోసం కాదు, మాట నిలబెట్టుకోవడం. ఫలితం తెలియకపోవడం ఒక రకం ఉత్కంఠ, తెలిసిన ఫలితం ఎలా పండుతుందో చూడడం మరో రకం. రెండోదాన్ని తక్కువచేస్తే వీధినాటకం మొత్తాన్నీ తక్కువచేసినట్టే.

ఈ పోలికకు కూడా అభ్యంతరం చెప్పవచ్చు. వీధినాటకం తనను తాను క్రీడ అని ఎన్నడూ చెప్పుకోలేదు, రెజ్లింగ్ చాలాకాలం అలా చెప్పుకుంది. నిజమే, రియో కథ ఆ తప్పుకు సాక్ష్యం కూడా. అందుకే 2023 నాటి పద్ధతి నాకు మేలైనదిగా కనిపిస్తుంది. ఈ టైటిల్ ఎందుకు పుట్టిందో జనం ముందే చెప్పారు. 2020 ఆగస్టునుంచి యూనివర్సల్ టైటిల్, 2022 ఏప్రిల్ 3నుంచి డబ్ల్యూడబ్ల్యూఈ టైటిల్ రెండూ రోమన్ రీన్స్ దగ్గరే ఉన్నాయి. అతను అప్పట్లో తరచుగా బరిలోకి దిగేవాడు కాదు. వారంవారం నడిచే రెండు కార్యక్రమాల్లో ఒకదానికి పెద్ద టైటిల్ లేకుండా పోయింది, కాబట్టి కొత్తది కావాలి. దీన్ని కథగా చెప్పినా కారణం మాత్రం నిజమైనది. ఇంకో సంగతి, ఫలితం రాసుకోవచ్చు గానీ దేహాన్ని రాసుకోలేరు. బేలర్ భుజం రాతలో లేని గాయంతో టైటిల్‌ను వదులుకుంది.

నిజమైన కుస్తీలో బిరుదులు వాటంతట అవే పుడతాయని, ఇక్కడే తయారుచేస్తారని అనుకోవడం కూడా పొరపాటు. హింద్ కేసరి మన మట్టి కుస్తీలో అత్యున్నత బిరుదు. అది 1958లో మొదలైంది. దానికి ముందు రుస్తుం-ఎ-హింద్ అనేవారు. స్వతంత్ర భారతంలో కొత్త బిరుదుకు పర్షియన్ వీరుణ్ణి వదిలి సింహాన్ని ఎంచుకున్నారు. కేసరి అన్న మాటకు అప్పటికే ప్రజాజీవితంలో గౌరవం ఉంది. మనకు ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు ఉన్నారు. ఆ మాటను ఎంచుకోవడం శిల్పమే, చేతికి గద ఇవ్వడం శిల్పమే. గద పట్టుకున్నవాడి వెనక భీముడు, హనుమంతుడు నిలబడతారు. ఏ వస్తువూ లేకుండా బిరుదు నిలిచిన సందర్భం కూడా మనకుంది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గొలుసులు తెంచాడు, గుండెల మీద ఏనుగును నిలుపుకున్నాడు. ఆయన్ను జనం కలియుగ భీముడన్నారు. బెల్టు ఎవరూ చేయించలేదు, ఆ పేరే నడికట్టు అయింది. అక్కడ కూడా గతం అరువు తెచ్చుకున్నదే, దేహం ఒడ్డినదే. సూత్రం మారలేదు.

ప్రకటనతో పుట్టినదానికి విలువేమిటని ఇంకొందరు అడుగుతారు. మదనపల్లె చరిత్రలోంచి ఒక సంగతి ముందుపెడతాను. రెండూ ఒకే స్థాయి విషయాలు కావు. ప్రకటన అనే చర్య ఎలా పనిచేస్తుందో చూడడానికే ఈ ప్రస్తావన. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్‌లో తొలిసారి పాడిన జనగణమనను 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూర్ మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు అతిథిగా వచ్చినప్పుడు ఇంగ్లిషులోకి అనువదించారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ దాని స్వరాలను రాసిపెట్టారు. 1950 జనవరి 24న రాజ్యాంగసభ అధ్యక్షుడు రాజేంద్రప్రసాద్ దాన్ని జాతీయగీతమని ప్రకటించారు. దానిమీద తీర్మానం పెట్టి ఓటింగ్ జరపలేదు, ప్రకటన చేశారు, అంతే. ఆ ప్రకటన నిలబడింది కాబట్టి అందరూ లేచి నిలబడుతున్నారా, అందరూ లేచి నిలబడుతున్నారు కాబట్టి ప్రకటన నిలబడిందా? రెండూ కలిసే జరిగాయి. ప్రకటన తలుపు తెరుస్తుంది, లోపలికి నడవాల్సింది జనం.

ఇక అభిమానులు స్వయంగా లేవనెత్తిన అభ్యంతరం అన్నిటికంటే బలమైనది. రీన్స్ దగ్గరి రెండు టైటిళ్లు ఎవరూ గెలవలేకపోయారు కాబట్టి మిగిలినవాళ్ల కోసం ఓదార్పుగా దీన్ని తయారుచేశారన్నది ఆ వాదన. పుట్టిన నాటికి అది నిజమే, దాన్ని కాదనడం కుదరదు. 2023 మే 27న సౌదీ అరేబియాలోని జెడ్డాలో ఏజే స్టైల్స్‌ను ఓడించి సేత్ రోలిన్స్ తొలి ఛాంపియన్ అయ్యాడు. బ్రూక్లిన్‌లో ఎర్రబెల్టు మీద జనం అరుపులు విన్న రోలిన్సే ఇతను. అప్పటినుంచి అతను దాన్ని వరుసగా పణంగా పెడుతూ వచ్చాడు. రీన్స్ పాలన 1,316 రోజులు, రోలిన్స్‌ది 316 రోజులు. రెండూ 2024 ఏప్రిల్ 7న ఒకే రాత్రి ముగిశాయి. అంకెలు చూస్తే రీన్స్‌దే పైచేయి. కానీ నేను మొదట చెప్పిన రెండో దారిలో, పణంగా ఒడ్డడంలో, రోలిన్స్ చేసిన పని ఎక్కువ. ఓదార్పుగా పుట్టిన టైటిల్‌ను అతను ప్రధాన టైటిల్‌గా అప్పగించి వెళ్లాడు.

ఈ పరీక్షకు తెలుగు నేల కూడా ఒక రాత్రి వేదికైంది. 2023 సెప్టెంబరు 8న హైదరాబాద్ గచ్చిబౌలిలోని జీఎంసీ బాలయోగి ఇండోర్ స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ ప్రదర్శన జరిగింది. 2017 డిసెంబరు తర్వాత ఆ సంస్థ భారతదేశానికి రావడం అదే మొదలు. రియా రిప్లీ మహిళల ప్రపంచ టైటిల్‌ను నటాల్యా మీద నిలుపుకుంది. ఆ బెల్టు కొత్త రూపం, కొత్త పేరు వచ్చి అప్పటికి మూడు నెలలు. మూడున్నర నెలల వయసున్న ప్రపంచ హెవీవెయిట్ టైటిల్‌కు యజమానిగా రోలిన్స్ వచ్చాడు. అయితే జాన్ సీనాకు జోడీగా లుడ్విగ్ కైజర్, జొవాన్నీ విన్చీల మీద ఆడాడు తప్ప టైటిల్‌ను ఒడ్డలేదు. హైదరాబాద్ ప్రేక్షకులకు అది న్యాయం కాదని నా అభిప్రాయం. కొత్త టైటిల్‌కు అన్నిటికంటే కావాల్సింది అది పోవచ్చన్న భయం. ఆ భయాన్ని హైదరాబాద్‌లో చూపించి ఉంటే దాని చరిత్రలో మన ఊరికి ఒక పుట దక్కేది. అదే వేదిక మీద గుంథర్ తన ఇంటర్‌కాంటినెంటల్ టైటిల్‌ను భారతీయుడు శాంకీ మీద ఒడ్డి నిలుపుకున్నాడు. అతను దాన్ని 2022 జూన్ 10న గెలిచాడు. హైదరాబాద్ రోజు లెక్కకు 455వది. 1987–88లో హాంకీ టాంక్ మ్యాన్ నెలకొల్పిన 454 రోజుల రికార్డు ఆ లెక్కన గచ్చిబౌలి రోజునే వెనకబడింది. జరగని రియో పోటీలో పుట్టిన టైటిల్‌కు నలభై నాలుగేళ్ల తర్వాత అతి పొడవైన పాలన రికార్డు మారిన రోజున అది మన గడ్డమీద ఉంది. అప్పటికి దానిమీద రియో నీడ ఒక్క చుక్క కూడా లేదు.

బెల్టు అంటే చివరికి నకళ్లు అమ్ముకునే సరుకే కదా అనేవాళ్లకు చెప్పాల్సింది కొంచెమే. అమ్ముతారు, అందులో దాపరికం లేదు. పక్క ఫలకాలు మార్చుకునే ఏర్పాటులో కూడా ఆ ఆలోచన కొంత ఉండే ఉంటుంది. జాన్ బుల్ బెల్టు కూడా ఒక పత్రిక పేరును మోసిందే. దాన్ని గామా నడుముకు చేరకుండా ఆ సంగతి ఆపలేదు.

2024 ఏప్రిల్ 7న డ్రూ మెకింటైర్ రోలిన్స్‌నుంచి ప్రపంచ హెవీవెయిట్ బెల్టు గెలిచాడు. నిమిషాల్లోనే డేమియన్ ప్రీస్ట్ దాన్ని లాక్కున్నాడు. రోలిన్స్ గుర్తులున్న పక్క ఫలకాలు ఊడదీశారు. ఆ ఏడాది ఆగస్టు 3న క్లీవ్‌ల్యాండ్‌లో ప్రీస్ట్‌ను ఓడించి దాన్ని నడుముకు చుట్టుకున్నవాడు గుంథర్, గచ్చిబౌలిలో 455వ రోజు లెక్కపెట్టుకున్న గుంథరే.

వచ్చే భాగం: గద.